హైమాస్టు లైట్ల కింద చుక్కలు

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు. వాళ్లు వాదించుకునే సంగతులు మాత్రం నిజం. ఒకరు ముత్తుకూరు వైపు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పే టీచరు. సెలవు దొరికితే టెలిస్కోపు ఆటోలో వేసుకుని ఊళ్లు తిరిగే ఔత్సాహికుల గుంపులో మనిషి. రెండోవాడు ఆమె మేనమామ. చిన్నతనంలో తండ్రితో పడవెక్కాడు, పెద్దయ్యాక పోర్టులో టాలీ రాశాడు, ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాడు. 2026 జనవరి 25, రథసప్తమి సాయంత్రం కృష్ణపట్నం తీరాన జనానికి చుక్కలు చూపించే కార్యక్రమం పెట్టాలని ఆమె పట్టు. వద్దని ఆయన. దేవుడి పేరు చెప్పి వద్దనే మనిషి కాదాయన. అలాంటి వాదనైతే మళ్లీ రాయనక్కర్లేదు, తెలుగులో చాలాసార్లు చదివేశాం.

మామ: ముందు ఇది చెప్పమ్మాయ్. జిల్లాలో ఇంకెక్కడా చోటు దొరకలేదా మీకు? ఈడ అర్ధరాత్రి సూది పడినా ఎత్తుకోవచ్చు. ఒక పక్క పోర్టు, ఇంకో పక్క నేలటూరు థర్మల్, నడాన రొయ్యల గుంటల మీద లైట్లు. చుక్కలు చూడాలంటే ఉదయగిరి కొండకి పోవాల. వెలుతురులో నిలబడి చీకటిని చూపిస్తారా?

టీచరు: ఉదయగిరిలో చుక్కలుంటాయి మామా, జనం ఉండరు. ఆడికి పోయేది కారున్నోళ్లు. మా పిలకాయలు ఈడుండారు. పైగా ఆ రోజు మేం చూపించేదంతా లైట్లకి బెదిరేది కాదు. సప్తమి అంటే సగం చంద్రుడు. ఆ రోజు పొద్దుగూకే వేళకి దాదాపు నడినెత్తిన ఉంటాడు. వెలుగూ నీడా కలిసే గీత వెంబడి సూర్యుడి ఎండ ఏటవాలుగా పడతది గనక గుంటల అంచులు, కొండల నీడలు తేటగా తెలుస్తాయి. పౌర్ణమి నాడు చూస్తే తెల్లటి పళ్లెం తప్ప ఏమీ ఉండదు. గురుడు సముద్రం మీద, తూర్పున. జనవరి 10నే సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు, ఏడాది మొత్తంలో పెద్దగా కనిపించే రోజులివి. మీ హైమాస్టు లైట్లు ఎన్ని వెలిగినా గురుడి చుట్టూ ఉండే నాలుగు ఉపగ్రహాలని దాచలేవు. గెలీలియో 1610 జనవరిలో చూసింది వాటినే.

మామ: సరే, దండిగా ఉండాయి చూడ్డానికి. మరి ఎంతమంది వస్తారు?

టీచరు: మూడొందల మంది వస్తారనుకుంటుండాం.

మామ: టెలిస్కోపులెన్ని?

టీచరు: పెద్దది ఒకటి, ఎనిమిదంగుళాలది. చిన్నది ఇంకోటి.

మామ: నేను టాలీ రాసినోణ్ణి, నా దగ్గర లెక్క తప్పదు. పెద్దదాంట్లో మూడొందల మంది, మనిషికి అర నిమిషం అనుకుందాం. రెండున్నర గంటలు. ఎవురూ కాలు తగిలించి గొట్టం కదిలించకుండా ఉంటే. అంటే తిరుమలలో దర్శనం మాదిరి. గంటలు నిలబడి, లోపలికి పోయినాక "జరగండి, జరగండి". అక్కడన్నా లడ్డు ఇస్తారు. మా ఊరోళ్లకి క్యూలు కొత్త కాదులే. 2021 మే నెలలో కరోనా మందు కోసం యాడాడి జనమో ఈడికొచ్చి నిలబడలా? కానీ అర నిమిషంలో ఏం తెలుస్తది తల్లీ? చంద్రుణ్ణి చూశాను అని చెప్పుకోడానికి తప్ప?

టీచరు: నువ్వనుకునే దానికన్నా ఇంకా అన్యాయం మామా. గురుణ్ణి పెట్టి, వంద రెట్లు పెంచి చూపిస్తే, భూమి తిరుగుతుంది కాబట్టి రెండు నిమిషాల్లో గురుడు పక్కకి జరిగి కనుమరుగైపోతాడు. నలుగురికొకసారి గొట్టం సరిచెయ్యాలి. పొట్టి పిలకాయలకి స్టూలు వెయ్యాలి, ఎందుకంటే నడినెత్తిన చంద్రుణ్ణి చూసేటప్పుడు గొట్టం నిలువుగా నిలబడి కళ్లు పెట్టే చోటు పైకి పోతది. ఏడు దాటితే సముద్రపు తేమకి అద్దం మసకేస్తది. ఉప్పుగాలి అద్దం పూతని తినేస్తది. ఇయ్యన్నీ మాకు తెలుసు.

మామ: తెలిసి కూడానా?

టీచరు: ఇంకోటి కూడా చెప్తా, నీ వాదనకే పనికొస్తది. చానామంది ఏమీ కనపడకపోయినా "కనిపించింది" అంటారు. వెనకాల వరసలో నిలబడినోళ్లకి ఇబ్బంది ఎందుకని, మమ్మల్ని నొప్పించడం ఎందుకని. కంటి రెప్పలు చూసుకుని వెళ్లిపోయేవాళ్లని ఎంతమందిని చూశానో. అందుకే ఇప్పుడు "కనిపించిందా" అని అడగం. "వెలుతురు ఏ పక్కనుంది, కుడిపక్కా ఎడంపక్కా" అని అడుగుతాం. "గురుడికి ఎన్ని చుక్కలు, ఏ పక్క ఎన్ని" అని అడుగుతాం. జవాబు చెప్పలేకపోతే మళ్లీ కళ్లు పెట్టిస్తాం. శుక్లాలొచ్చిన అవ్వలకి చంద్రుణ్ణి మాత్రమే చూపిస్తాం, గురుడి దగ్గరికి తీసుకుపోం. అర నిమిషంలో ఖగోళశాస్త్రం రాదు. నిజంగా చూశారా లేదా అనేది మాత్రం తేలుతుంది.

(ఇక్కడ పక్కన నిలబడి వింటున్నవాడిగా నా అభిప్రాయం: మామ లెక్క సరైనదే. తెలుగునాట ఎన్నో సైన్సు ప్రదర్శనలు ఆ లెక్క వేసుకోకుండానే జరుగుతాయి. ఫొటోలో క్యూ ఎంత పొడుగుంటే అంత విజయం అనుకుంటాం. ఆ క్యూలో చివరివాడు ఏం చూశాడో ఎవరూ రాసిపెట్టరు.)

మామ: నా అసలు గొడవ వేరే. ఈ చుక్కలు చూసే సరదా ఎప్పుడూ ఉన్నోళ్లదే. నువ్వే ఒకసారి చెప్పినావు, విశాఖలో జమీందారు మేడ మీద టెలిస్కోపు పెట్టాడని.

టీచరు: గోడే వెంకట జగ్గారావు. 1840లో డాబా గార్డెన్స్‌లో తన ఇంటి దగ్గరే వేధశాల కట్టుకున్నాడు. అంతకు ముందు మద్రాసు వేధశాలలో టేలర్ దగ్గర నేర్చుకున్నాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య పెట్టి ఓడలకి టైము తెలిసేటట్టు చేశాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని ఎత్తుకుని, 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ 1874లో సూర్యుడి ముందు నుంచి శుక్రుడు దాటిపోవడాన్నీ చూసి లెక్కలు రాశాడు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఫెలో కూడా అయ్యాడు. జీతం తీసుకోకుండా, సొంత డబ్బుతో. తెలుగువాళ్లలో ఔత్సాహిక ఖగోళశాస్త్రం అంటే ముందు చెప్పాల్సిన పేర్లు ఆ ఇద్దరివీ.

మామ: ఒప్పుకున్నా. మరి ఆ మేడ మెట్లెక్కి ఎంతమంది జాలరోళ్లు చూశారు? కొండ మీద జెండా చూసుకుని ఓడలోళ్లు గడియారం తిప్పుకున్నారు, అది ఉపకారమే. టెలిస్కోపులో కళ్లు పెట్టింది మాత్రం ఆ ఇంటోళ్లు. 1868 గ్రహణం అంటివే, దానికి గుంటూరులో ఫ్రాన్సు దొర వచ్చి కూర్చున్నాడని కూడా నువ్వే చెప్పినావు.

టీచరు: జాన్సెన్. ఆగస్టు 18న గుంటూరులో చూశాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి మంటల వెలుతురుని విడగొట్టి గీతలు చదివాడు. ఆ గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనుకుని మర్నాడు మామూలు ఎండలోనే చూశాడు, కనిపించాయి. ఆ గ్రహణంలో పట్టుబడిన పసుపు గీత వెనకాల తేలిందే హీలియం. బెలూన్లలో నింపుతారే, అది. భూమ్మీద దొరక్కముందు సూర్యుడిలో దొరికింది, అందులో మన గుంటూరుకీ వాటా ఉంది.

మామ: గుంటూరుకి వాటా ఉంది, గుంటూరోళ్లకి లేదు. నా మాట అదే. దొరలు వచ్చారు, డేరాలేశారు, చూశారు, పోయారు. మీరూ ఆ పద్ధతేగా? నెల్లూరు నించి వ్యాన్లో వస్తారు, బ్యానర్ కడతారు, రెండున్నర గంటలు చూపిస్తారు, గొట్టం మడిచి పట్టుకుపోతారు. మర్నాడు మా పాళెంలో ఏం మిగిలింది?

టీచరు: ఇది గట్టి దెబ్బే మామా. అయినా మేడ మీద నించి టెలిస్కోపుని రోడ్డు మీదికి దించిన మనిషి కథ ఒకటుంది, విను. జాన్ డాబ్సన్ అని, 1915లో పెకింగ్‌లో పుట్టాడు, అమెరికాలో పెరిగాడు. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో చేరాడు. అంటే మన రామకృష్ణ మఠం సన్యాసి. మఠంలో ఉంటూనే టెలిస్కోపులు చెయ్యడం మొదలుపెట్టాడు. డబ్బు లేదు. అద్దానికి ఏం వాడాడో తెలుసా? పాత ఓడల కిటికీ అద్దం. గొట్టానికి అట్ట, కింద చెక్క పెట్టె. రాత్రుళ్లు దాన్ని చక్రాల మీద తోసుకుని వీధుల్లోకి పోయి పిల్లలకి చంద్రుణ్ణి చూపించేవాడు. మఠంలో ఉండాల్సిన వేళకి లేడని 1967లో బయటికి పంపేశారు. మరుసటేడు ఇద్దరు కుర్రాళ్లతో కలిసి "సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్" అని మొదలుపెట్టాడు. రోడ్డు పక్కన పెట్టి ఎవరొస్తే వాళ్లకి చూపించడమే పని. ఇవాళ మా ఎనిమిదంగుళాల గొట్టాన్ని కూడా "డాబ్సోనియన్" అనే అంటారు.

మామ: ఓడ కిటికీ అద్దమా! పోర్టులో అట్టాంటివి ఎన్ని చూళ్లేదు. ఆ సామి మనిషి. కానీ ఒకటి గమనించినావా? ఆయన రోజూ అదే వీధుల్లో తిరిగాడు. ఒక్క రోజు పండగ చెయ్యలా.

టీచరు: మొదలు పెట్టాలంటే ఒక రోజు కావాలి గదా. జెస్సోరులో రాధాగోవింద చంద్ర అని ఖజానా ఆఫీసు గుమాస్తా ఉండేవాడు, నీ మాదిరి లెక్కలు రాసే మనిషి. కాలేజీ గడప తొక్కలేదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్లు వెలుగు మారే చుక్కల్ని చూసి వేలకి వేలు పరిశీలనలు అమెరికాలోని సంఘానికి పంపాడు. 1926లో వాళ్లు ఆయన కోసం ఆరంగుళాల టెలిస్కోపు ఓడలో పంపించారు. ఆ టెలిస్కోపే తర్వాత వేణు బాపు దగ్గరికి చేరింది. బాపు హైదరాబాదులో, నిజామియా వేధశాలలో పనిచేసే తండ్రి చెయ్యి పట్టుకుని పెరిగినవాడు. మన జవ్వాది కొండల మీద, కావలూరులో ఉన్న పెద్ద టెలిస్కోపుకి ఆయన పేరే. మీ పాళెంలో అట్టాంటి గుమాస్తా ఒకడున్నాడేమో, చూపిస్తే గదా తెలిసేది?

మామ: ఉంటే ఉండొచ్చు. లేకపోయినా నష్టం లేదు. మా నాయనకి ఏ గొట్టమూ లేకుండా ఆకాశం వచ్చు. పిల్లలకోడి యాడుందో చూసి రాత్రి ఎంతైందో చెప్పేవాడు. వేగుచుక్క పొడిస్తే వల లాగేవాడు. కార్తెలు వేళ్ల మీద ఉండేవి. మీరొచ్చి మాకు నేర్పేదేంది? మా దగ్గర్నించి పోయినదాన్ని మాకే కొత్తగా అమ్ముతుండారు.

టీచరు: తాతకి తెలిసింది నాకు తెలీదు మామా, కాదనను. కానీ కార్తెల సంగతిలో ఒక చిక్కుంది. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తది గదా, రోళ్లు పగిలే ఎండలు. ఆ పదమూడు పద్నాలుగు రోజులూ రోహిణి చుక్క నీకు రాత్రి కనిపిస్తదా?

మామ: ఎందుకు కనపడదు?

టీచరు: కనపడదు. సూర్యుడు రోహిణి దగ్గరున్న రోజులే రోహిణి కార్తె. సూర్యుడితోపాటే లేచి సూర్యుడితోపాటే మునుగుతుంది. ఆకాశాన్ని ఇరవై ఏడు భాగాలు చేసి సూర్యుడు ఒక్కో భాగంలో ఎన్ని రోజులుంటాడో లెక్క వేసింది కార్తె. అంటే కనపడని చుక్క పేరుతో ఎండా వానా లెక్క పెట్టారు. ఎట్టా? ఏళ్ల తరబడి తెల్లవారుజామున ఏ చుక్క చివరిగా పొడిచింది, సాయంత్రం ఏది ముందు మునిగింది అని కళ్లు పెట్టి చూసినోళ్లుంటేనే ఆ లెక్క పుడుతుంది. నెలల పేర్లు దీనికి తిరగేసిన లెక్క. కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు, కృత్తికలు రాత్రంతా కనిపిస్తాయి. కృత్తికలంటే తాత చెప్పే పిల్లలకోడే. కార్తె పేరు అందరికీ నోట్లో ఉంది. చుక్క ఏదో చూపించమంటే నూటికి ఒకరు కూడా చూపించలేరు. తాత చూసింది పోయి తాత చెప్పింది మిగిలింది మామా. నేను తిరిగి తేవాలనుకునేది ఆ చూడ్డం.

మామ: (కాసేపాగి) నాయన కూడా చుక్కనే చూసేవాడు, పేరు పంతులు చెప్పేవాడు. అది నిజం. జీపీఎస్ వచ్చినాక మా కుర్రాళ్లు తలెత్తడమే మానేశారు. ఏం చేస్తారులే, రాత్రి పడవలో తలెత్తితే నిద్దరొస్తది, స్క్రీను చూస్తే మెలకువన్నా ఉంటది.

టీచరు: మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి అని ఉండేవాడు. పంచాంగం లెక్కలు కట్టే ఇంటి మనిషి. 1867లో వెలుగు మారే చుక్కనొకదాన్ని కనిపెట్టాడు. పంచాంగాన్ని ఆకాశంలో కళ్లకి కనపడేదాంతో సరిచూసుకోవాలని కొట్లాడింది కూడా ఆయనే. చూసిన లెక్క వేరు, విన్న లెక్క వేరు అని పంచాంగం ఇంట్లోంచే ఒకరు అడిగారు.

మామ: గ్రహణాల సంగతి నాకు వేరే చెప్పనక్కర్లేదు. 1980 ఫిబ్రవరి 16, శనివారం. నాకు పద్నాలుగేళ్లు. మమ్మల్ని ఇంట్లో పెట్టి కిటికీలకి గోతాలు కట్టారు. వీధిలో కుక్క తప్ప మనిషి లేడు. తర్వాతెప్పుడో తెలిసింది, ఆ రోజు హైదరాబాదు పక్కన జపాల్ రంగాపూర్‌కి దేశదేశాల నించి శాస్త్రవేత్తలు వచ్చి కూర్చున్నారని. వాళ్లు సముద్రాలు దాటి వచ్చి చూస్తే మేం గోతం వెనకాల ఉన్నాం. గ్రహణం పట్టినా శ్రీకాళహస్తి గుడి తలుపు తెరిచే ఉంటది, ఆ గుడి ఆనవాయితీ అది. మా ఇంటి తలుపులే మూశారు. ఆ మాటకొస్తే గ్రహణం రోజున నడివీధిలో కూర్చుని అన్నం తినిపించే జన విజ్ఞాన వేదిక వాళ్లంటే నాకు గౌరవమే. కానీ అన్నం తినడం చుక్కలు చూడ్డం కాదు. భయం పోగొట్టారు, బాగుండాది. తర్వాత? భయం లేనోడు కూడా తలెత్తి చూడాలంటే పైన కనపడేది ఉండాల గదా. అందుకే మొదట అడిగింది మళ్లీ అడుగుతుండా. ఈ లైట్ల సంగతేంది?

టీచరు: లైట్లు ఆర్పమని అడుగుదాం. రెండు గంటలు.

మామ: అదిగో, అక్కడే నువ్వు తప్పు. పోర్టు రెండు గంటలు ఆరిపోతే ఓడ మీద క్రేను కింద నిలబడిన మనిషికి ఏమైనా అయితే? నేను రాత్రి షిఫ్టులు చేసినోణ్ణి. వెలుతురు లేని యార్డులో లారీ వెనక్కి తిరిగితే ఎట్టుంటదో నాకు తెలుసు. మా ఆడపిల్లలు పని నించి తిరిగొచ్చే రోడ్డు మీద లైటుంటే ధైర్యం. బోటు తిరిగొచ్చేటప్పుడు చానా దూరం నించి ఈ వెలుతురు కనపడితే ఇల్లొచ్చిందని తెలుస్తది. నీ చుక్కల కోసం మా లైటు ఆర్పమంటే పాళెంలో ఒక్కడు సంతకం పెట్టడు, నేను ముందు పెట్టను.

టీచరు: బోటుకి దారి చూపించడానికి లైట్‌హౌస్ ఉంది గదా మామా.

మామ: ఉంది, కాదన్లా. కళ్లకి అలవాటైన వెలుతురు వేరు.

టీచరు: సరే, ఆర్పొద్దు. నేను తొందరపడ్డా. లైటు పని నేల మీద. లారీని, కొక్కేన్ని, మనిషిని చూపించడం. అడ్డంగానూ పైకీ పోయే వెలుతురుతో యార్డులో ఒక్క బొగ్గు పెళ్ల కూడా కనపడదు. ఆ వెలుతురు గాల్లో దుమ్మునీ తేమనీ పట్టుకుని ఆకాశాన్ని తెల్లగా చేస్తది. ఈడ దుమ్ముకి కొదవా, తేమకి కొదవా? లైటుకి పైనా పక్కలా మూత ఉండి, వెలుతురంతా కిందికే పడితే తక్కువ కరెంటుతో అంతే పని జరుగుతుంది. నీలం పాలు ఎక్కువుండే తెల్ల ఎల్ఈడీలు గాల్లో ఎక్కువ చెదురుతాయి. పసుపు వన్నెవైతే తక్కువ. ఇది చుక్కల కోసం ఒక్కటే కాదు. జనవరి నించి మన తీరాన ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి గదా, పిల్లలు బయటికొచ్చినాక వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. మామూలుగా అయితే వెలుతురుండేది సముద్రం పక్కే. ఇప్పుడు అవి రోడ్డు పక్కకి పాకుతాయి.

మామ: తాబేలు సంగతి మా పాళెంలో అందరికీ అర్థమవుతది. చుక్క కన్నా ముందు ఆ మాట చెప్పు. మూతలంటే నేను కూడా సంతకం పెడతా. కానీ పోర్టోళ్లు ఒక్క సాయంత్రం ముచ్చటకి మూతలెయ్యరు. ప్రతి ఏడూ జరిగేదుంటే, ఊరోళ్లు అడిగితే, అప్పుడు ఆలోచిస్తారు.

టీచరు: లడఖ్‌లో హాన్లే అని ఉంది. మన దేశపు రెండు మీటర్ల టెలిస్కోపు అక్కడే, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున. 2022లో ఆ చుట్టుపక్కలని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. వేధశాల వాళ్లు చేసిన తెలివైన పనేందంటే ఊరివాళ్లకే టెలిస్కోపులిచ్చి నేర్పించారు. టూరిస్టులకి చుక్కలు చూపించేది ఆ ఊరి ఆడవాళ్లు, కుర్రాళ్లు. ఇళ్లలో కిటికీలకి పరదాలేసుకునేది కూడా వాళ్లే, ఎందుకంటే చీకటి వాళ్ల బతుకుతెరువు అయింది.

మామ: ఇదిగో, ఇప్పుడన్నావు మాట. దీన్ని ముందు చెప్పక ఓడ కిటికీ దగ్గర్నించి మొదలుపెట్టినావు. హాన్లేలో బతుకుతెరువు చీకటి, ఈడ బతుకుతెరువు వెలుతురు, ఆ తేడా మాత్రం మర్చిపోవద్దు. అయినా గొట్టం ఊళ్లో ఉండాల, తిప్పేవాడు ఊరోడై ఉండాల. మా పాళెంలో పది తప్పినా బోటు ఇంజను విప్పి బిగించే పిలకాయలుండారు. జీపీఎస్ పెట్టె వాళ్లే బాగు చేస్తారు. నీ అద్దం సర్దడం వాళ్లకి ఒక పూట పని. వాళ్లకి నేర్పించు, ఒక గొట్టం ఈడ వదిలెయ్. ఇంకోటి. జనవరిలో ఎందుకు పెట్టినావు?

టీచరు: తుఫాను నెలలు పోయి ఆకాశం తేటపడే రోజులు. సంక్రాంతి అయిపోయి ఉంటుంది. రథసప్తమి అంటే అందరికీ గుర్తుంటుంది, పొద్దున సూర్యుడు, సాయంత్రం చంద్రుడు.

మామ: పొద్దున సముద్రంలో మునిగిన ఆడోళ్లు సాయంత్రం మళ్లీ వస్తారా? సరే, వస్తారనుకో. మగోళ్లు? జనవరి అంటే వేట బాగా సాగే రోజులు. నువ్వు చూపిస్తానంటున్నది ఎవురికి? చుక్కలు చూసి బతికినోళ్ల కొడుకులు ఆ రాత్రి సముద్రంలో ఉంటారు. ఒడ్డున మిగిలేది మీ స్కూలు పిలకాయలు, నెల్లూరు నించి వచ్చిన మీ స్నేహితులు.

టీచరు: అది... నేను ఆలోచించలా.

మామ: ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట నిషేధం. అరవై ఒక్క రోజులు. పడవలు ఒడ్డు మీద, మనుషులు ఇళ్లలో. సాయంత్రం గాలికి అందరూ బీచిలోనే ఉంటారు, పిలవనక్కర్లేదు. అప్పుడు పెట్టు.

టీచరు: ఏప్రిల్‌లో గాలిలో తేమ, మబ్బు తెర ఎక్కువుంటది. వేటగాడి నడుము పట్టీ కింద ఉండే నెబ్యులా పడమట మునిగిపోయే వేళ. (ఫోనులో చూసి) ఆగు. ఏప్రిల్ 24, శుక్రవారం, చంద్రుడు సరిగ్గా సగం. అబ్బా, ఆ సాయంత్రం శుక్రుడు పిల్లలకోడి పక్కనే ఉంటాడు! పొద్దుగూకినాక గంటన్నర పాటు పడమట. బైనాక్యులర్స్‌లో రెండూ ఒకేసారి. గురుడు ఇంకా పైనే. పది దాటితే...

మామ: పది దాటితే ఏంది?

టీచరు: జనవరిలో మొదటి రాత్రి చూపించలేనిది ఒకటి, దక్షిణ శిలువ. మనది పద్నాలుగు డిగ్రీల అక్షాంశం. ధ్రువుడు ఉత్తరాన పద్నాలుగు డిగ్రీల ఎత్తునే ఉంటాడు, చెయ్యి చాచి పిడికిలి పెడితే ఒకటిన్నర పిడికిళ్లు. ఢిల్లీలో ఆయన పైనుంటాడు, శిలువ సరిగ్గా కనపడదు. లండన్లో అసలు కనపడదు.

మామ: పాళెంలో చర్చికి పోయేవాళ్లు కూడా ఉండారు, వాళ్లకి ఆ పేరు చెప్పు, గుర్తు పెట్టుకుంటారు. బ్యానర్ వద్దు. మైకు వద్దు. మైకుంటే ఎవురో ఒకరు అరగంట ఉపన్యాసం చెప్తారు. మూతల అర్జీ నువ్వు రాయి, తాబేలు పేరా ముందు పెట్టి. సంతకాలు నేను పెట్టిస్తా. జనవరి 25న కావాలంటే మా కుర్రాళ్లు నలుగురికి నేర్పు, జనాన్ని పిలవొద్దు. నేను ఒప్పుకుంది అంతవరకే. ఆకాశం చూస్తే కడుపు నిండుతుందని మాత్రం నా చేత అనిపించొద్దు.

టీచరు: అనిపించను. కానీ ఒకటి ముందే చెప్తుండా మామా. ఏప్రిల్ 24 రాత్రి పది దాటాక శ్రీహరికోట వైపు శిలువ పైకొచ్చినా దాని ఎత్తు పదహారు డిగ్రీలే, ఉత్తరాన ధ్రువుడికన్నా రెండు డిగ్రీలు ఎక్కువ. అప్పటికి లైట్లకి మూతలు పడకపోతే ధ్రువుడూ కనపడడు, శిలువా కనపడదు.